రంగూను నగరమున కంటికానని కాపురములు

నేడు యాంగోన్ అని వ్యవహరింపబడుచున్న రంగూను నగరమున, సూలె పగోడాకు ఇరుప్రక్కల నదివైపు బారులు తీరిన వీధులలో ఏదో యొకదానియందు నిలిచి, మేడల ముందుభాగమును గాక వెనుకభాగమును తొంగి చూచినచో, రెండు వరుసల యిండ్ల వీపుల నడుమ ఇరుకైన సందొకటి కానవచ్చును. గోడల వెంట పైయంతస్తునుండి నేలదాక దిగిన యినుప గొట్టములు, వాని యతుకులనుండి చెమర్చు నీరు, వంటయింటి కిటికీలనుండి జారవిడిచిన కూరగాయల తొక్కులు, తడిసిన కాగితములు, వానిపై నిర్భయముగా తిరుగు పందికొక్కులు: చిరకాలముగా ఇదియే దాని స్వరూపము. ఇటీవల దోయెయిన్ అను సంస్థ కొన్ని సందులను శుభ్రపరచి, గోడలకు రంగులు వేయించి, పిల్లలు ఆడుకొనుటకు అనువుగా మార్చినది గాని, తక్కినవి పెక్కులు తొంటి తీరుననే యున్నవి. నగరము కట్టినవారు ఈ సందులను గాలికొరకో వెలుతురుకొరకో మాత్రమే విడువలేదు. ఇండ్ల వెనుక దొడ్లలోని మలమును డబ్బాల కెత్తి మోసికొనిపోవు పాకీవారు పెద్దమనుష్యుల కంటబడకుండ వచ్చిపోవుటకై యేర్పరచిన దారులవి. కులము పేర తరతరములుగా ఆ పనికి కట్టివేయబడి, సముద్రము దాటియు దానిని వదలించుకొనలేక, ఆ దారులలో నడచినవారు పెక్కుమంది మన తెలుగువారు.

మనుష్యుని ప్రేగులలో కాపురముండు ఏకకణజీవుల కథ చెప్పబూని ఈ సందులోనికి పాఠకుని తీసికొనివచ్చుటకు కారణమున్నది. ఆ జీవులు ఒకని మలమునుండి మరియొకని నోటికి చేరుటయే తమ వంశాభివృద్ధికి మార్గముగా పెట్టుకొన్నవి. కావున వాని చరిత్రను వైద్యగ్రంథములలో ఎంత వెదకవలయునో, నగరముల మురుగుగొట్టములలోను మంచినీటి గొట్టములలోను అంతగానే వెదకవలయును. ఏ నగరమునందు ఈ రెండు నీళ్ళును ఎక్కడ కలిసికొనుచున్నవో కనిపెట్టినవాడు ఆ నగరపు కడుపునొప్పికి కారణమును కనిపెట్టినవాడగును.

రంగూను పల్లపు నేలమీద పుట్టిన పట్టణము. 1852 నాటి యుద్ధమున ఆంగ్లేయుల వశమైన పిదప దాని వీధులకు రూపురేఖలు దిద్దినవారిలో ముఖ్యులిద్దరు: విలియం మాంట్‌గోమరీ అను వైద్యాధికారి యొకరు, అలెగ్జాండర్ ఫ్రేజర్ అను సైనిక ఇంజనీరు వేరొకరు. పట్టణప్రణాళికలో వైద్యునికి చేయి యుండుట మెచ్చదగినదే గాని, ఆనాటికి సూక్ష్మజీవుల సంగతి వైద్యలోకమునకే తెలియదు. దుర్గంధమే రోగములకు మూలమని నమ్మిన రోజులవి. పోటువేళ నదీజలము నేలమట్టమును మించి లేచెడి యా బురదనేలలో మురుగు పారుటకు వాలు ఎక్కడిది? మట్టి పోసి ఒకచోట మెరక చేసినకొలదిని మరియొకచోట పల్లమేర్పడుచు, బావిలోని యూటయు దొడ్డిలోని యూటయు నొకే మట్టిపొరలో చుట్టరికము కలుపుకొనుచుండెను.

ఈ చిక్కునకు 1888-90 సంవత్సరములలో కనుగొన్న పరిష్కారము వింతగొలుపునది. ఐజాక్ షోన్ అను వేల్సు దేశీయుడైన ఇంజనీరు రూపొందించిన పద్ధతి ననుసరించి నగరమధ్యమున నేలక్రింద అక్కడక్కడ ఇనుప పాత్రలను పాతిపెట్టిరి. ఇండ్లనుండి మురుగు తనంత తానుగా దగ్గరి పాత్రలోనికి దిగును. పాత్ర నిండగనే లోపలి తేలుడుబిళ్ళ పైకి లేచి యొక కవాటమును తెరచును. కేంద్రయంత్రశాలనుండి గొట్టముల గుండ వచ్చు సంపీడితవాయువు లోనికి దూకి, ఆ మురుగు నంతటిని మూసియున్న యినుప గొట్టములోనికి నెట్టి నదివైపు తరుమును. పాత్ర వట్టిపోగానే కవాటము మూసికొని, మరల నిండువరకు మౌనము వహించును. వాలు లేనిచోట గాలిచేత మురుగును మోయించిన యీ యుపాయము నూరేండ్లు దాటియు పనిచేయుచుండుట ఆంగ్లేయుల ఇంజనీరింగు నైపుణ్యమునకు సాక్ష్యమే. ఐనను ఆ యేర్పాటు సుమారు 40,000 మందిని మనస్సునం దుంచుకొని చేసినది. గొట్టము చేరని పేటలలో డబ్బాయు దానిని మోయు మనిషియు మిగిలియే యుండిరి. గొట్టము చేరిన పేటల మురుగైనను 2005లో శుద్ధికేంద్రము ఏర్పడువరకు ఉన్నదున్నట్లుగా నదిలోనికే పోయినది.

కళింగాంధ్రమునను గోదావరి సీమయందును ‘రంగం’ (రంగూను) పోయి వచ్చినవాడు లేని యూరు అరుదుగా నుండిన కాలమొకటి గలదు. కాకినాడ, విశాఖపట్టణము మొదలగు రేవులనుండి పొగయోడలు డెక్కుమీద జనమును క్రిక్కిరియ నింపుకొని బంగాళాఖాతము దాటిపోవుచుండెను. ధాన్యము మిల్లులకు చేరు తరుణమున పజుండాంగ్ కాలువ యొడ్డున బియ్యపు మిల్లులలో వేలకొలది చేతులు కావలసియుండెను. రేవులో బస్తాలు మోయుటకును, రిక్షాలు లాగుటకును, మునిసిపాలిటీ పారిశుద్ధ్యమునకును మనుష్యులు కావలసియుండిరి. కాకినాడ చెంతనున్న కోరంగి రేవును పట్టి కోరంగీలని పిలువబడిన తెలుగు కూలీలు ఈ పనులన్నింటను కానవచ్చుచుండిరి. 1931 జనాభా లెక్కలనాటికి సుమారు 4 లక్షల ప్రజలుగల రంగూనులో సగమునకు పైగా భారతీయులే. వారిలో కూలీలు బస చేసిన గదుల యిరుకును ఈ. జె. ఎల్. ఆండ్రూ 1933లో ప్రకటించిన తన గ్రంథమున చర్చించియున్నాడు. పగలు పనిచేసినవాడు పడుకొను చాపమీదనే రాత్రి పనిచేసినవాడు పగలు పడుకొనుట, మెట్లక్రింద నొక కుళాయి, పెరటిలో నొక దొడ్డి, వాని రెంటికి నడుమ పొయ్యి: ఇట్టి బసలో ఒకని ప్రేగులలోని జీవి మరియొకని ప్రేగులకు చేరుటకు పట్టు కాలమెంత?

ఇక ఆ జీవుల స్వరూపమును విచారింతము. మొట్టమొదట ఇవి పురుగులు కావు. ఏలికపాములు, కొంకిపురుగులు, బద్దెపురుగులు అనేక కణములతో నిర్మితమైన దేహములు కలవి. పెద్దవైన పిదప కంటికి కానవచ్చునవి. నేను చెప్పబోవు జీవులకు దేహమంతయు నొక్కటే కణము. దాని నోరును, కడుపును, కాలును, సంతానశక్తియు సమస్తము ఆ కణమే. వీనిలో ప్రధానమైనది ఎంటమీబా హిస్టోలిటికా అను అమీబా. దీనికి రెండు రూపములు: ప్రేగులలో తిరుగాడుచు తినుచు రెండుగా చీలుచు వృద్ధియగు చలనరూపమొకటి, ప్రతికూలపరిస్థితి యెదురుకాగానే, తాబేలు అవయవములను చిప్పలోనికి ముడుచుకొన్నట్లు, తనచుట్టును గట్టి గోడ కట్టుకొని కదలక మెదలక యుండు కోశరూపము రెండవది. చలనరూపము మలముతో బయటపడెనేని కొద్దిసేపటిలోనే నశించును. నోట పడినను కడుపులోని యామ్లము దానిని చంపివేయును. కోశమట్లు కాదు. తేమయున్న చోట అది దినములు, వారములు ప్రాణము నిలుపుకొనును. మంచినీటిలో సామాన్యముగా కలుపునంతటి క్లోరినును లెక్కచేయదు. జఠరామ్లమును దాటి చిన్నప్రేవులకు చేరి, అక్కడ గోడ విప్పుకొని, తనలోని నాలుగు కేంద్రకములను ఎనిమిది చేసికొని, ఎనిమిది పిల్ల అమీబాలుగా బయటకు వచ్చును. దాని వ్యాసము మిల్లీమీటరులో వేయవవంతును ఒక మైక్రాను అనుకొన్నచో పది మొదలు ఇరువది మైక్రానులు మాత్రమే. ఏ బాధయు లేక తిరుగుచున్న మనిషి యొకడు దినమునకు కోట్లకొలది కోశములను విసర్జింపగలడు.

పరీక్షాశాలలో ఈ జీవిని చూచుట యొక అనుభవము. గాజుపలకమీద ఒకవైపు ఉప్పునీటి చుక్క, రెండవవైపు అయొడీను చుక్క వేసి, పుల్లకొనతో రవంత మలమును ముట్టించి కలిపి, పలుచని గాజుబిళ్ళను పైన కప్పి సూక్ష్మదర్శినిక్రింద పెట్టుదురు. మలము వెచ్చగా నుండవలెను. అరగంట ఆలస్యమైనను చలనము ఆగిపోవచ్చును. ఉప్పునీటి చుక్కలో మొదట ఏమియు తోచదు. ఆకుకూర పీచులు, పిండిరేణువులు, లెక్కకు మిక్కిలియైన బాక్టీరియాల గుంపులు మాత్రమే. చూడగా చూడగా వానినడుమ బూడిదరంగు చుక్క యొకటి ప్రక్కనుండి అద్దమువంటి నిర్మలమైన పాదమును హఠాత్తుగా చాచును; దానివెంట లోపలి రవ్వలు జలజల ప్రవహించి ముందునకు పోవును; ఆ పాదమే దేహమై, దేహము మరియొక పాదమును చాచును. దాని కడుపులో పచ్చని ఛాయగల గుండ్రని బిళ్ళలు నాలుగైదు కనబడెనా, అవి రోగి రక్తకణములు. రోగనిర్ణయమునకు ఇంతకు మించిన సాక్ష్యమక్కరలేదు. అయొడీను చుక్కలోనైతే కోశములు బంగారుగోధుమ వన్నెతో గుండ్రముగా నిశ్చలముగా నిలిచియుండును. లోపలి కేంద్రకములను ఒక్కొక్కటిగా లెక్కించుకొనవచ్చును.

ఇట్టి దృశ్యమును తొలుత చూచి లోకమునకు వెల్లడించినవాడు ఫెడొర్ లెష్ అను రష్యను వైద్యుడు. 1875లో సెయింట్ పీటర్స్‌బర్గు నగరమున, ఆర్ఖాంగెల్స్క్ ప్రాంతమునుండి వచ్చిన యొక రైతుకు వచ్చిన జిగటవిరేచనములలో ఈ జీవులను కనుగొని, వానిని కుక్కల ప్రేగులలో ప్రవేశపెట్టి యొకదానికి వ్రణములు కలుగుటను చూచియు, అమీబా రోగమును కొనసాగనిచ్చునే గాని పుట్టించదని ఆయన సంకోచించెను. చలిదేశమున ఒక రైతునందు కనబడిన యీ జీవిని పిమ్మటివారు ‘ఉష్ణదేశపు రోగము’ క్రింద జమకట్టుట గమనింపదగినది. 1903లో దీనికి ఇప్పటి పేరు పెట్టిన ఫ్రిట్స్ షౌడిన్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ముప్పదియైదవ యేడు నిండకుండనే 1906లో కాలధర్మము నొందెను. తాను శోధించిన జీవియే ఆయన పాలిటి మృత్యువైనదని చెప్పుదురు.

అమీబా చేయు హాని ఎట్టిది? పెద్దప్రేవుల లోపొరను కరగించుచు క్రిందికి దిగి, పైన సన్నని మెడయు లోపల వెడల్పైన బొజ్జయు గల కూజా ఆకృతిలో వ్రణములను త్రవ్వును. అందుచేత నెత్తురును బంకయు కలిసిన విరేచనములు, కడుపుమెలి, ఎంత పోయినను ఇంకను పోవలెనను ముక్కుడుబాధ. ఇది పనిచేయు విధమును గూర్చి అమెరికాలో విలియం పెట్రీ పరిశోధనాలయమువారు 2014లో ప్రకటించిన సంగతి ఆశ్చర్యకరమైనది: అమీబా మన కణమును చంపి తినుటకు మారుగా, బ్రతికియుండగనే దానినుండి ముక్కముక్కగా కొరికి తినుననియు, ఆ కొరుకుడువలననే కణము చచ్చుననియు వారు చూపిరి. వ్రణము రక్తనాళమును తాకెనా, అమీబా నెత్తుటితో కాలేయమునకు చేరి అచ్చట కురుపు లేపును. జ్వరము, కుడిడొక్కలో నొప్పి, ఆ నొప్పి కుడిభుజమువరకు ప్రాకుట, దగ్గినను పొడుచుట దాని లక్షణములు. సూదితో తీసిన చీము చాక్లెట్టు రంగుతో నుండును. విచిత్రమేమనగా అప్పటికి విరేచనములు ఎన్నడో ఆగిపోయి యుండవచ్చును. మలపరీక్షలో ఏమియు కనబడకపోవచ్చును. అసలు విరేచనములైన జ్ఞాపకమే రోగికి లేకపోవచ్చును. ఈ కురుపు స్త్రీలకంటె పురుషులకు సుమారు పదిరెట్లు అధికముగా వచ్చును. శ్రీలంకలోని జాఫ్నా ప్రాంతమున వైద్యులు పరిశీలించిన రోగులలో కల్లు త్రాగు మగవారే మిక్కుటము. రేవులో బస్తాలు మోసి సాయంకాలము కల్లుముంతను ఆశ్రయించిన మన కూలీలలో ఎందరు పక్కనొప్పి యని మూలుగుచు తిరుగు ఓడ నెక్కిరో ఎవరు వ్రాసిపెట్టిరి?

ఇచ్చట నొక పక్కమాట. మన యూళ్ళలో కడుపులో గడబిడ యున్న ప్రతివాడును ‘నాకు అమీబియాసిస్ ఉన్నదండీ’ అనుట పరిపాటి. పెరుగు పడకపోయినను, వేళకు తినకపోయినను, పరీక్షలకు భయపడినను నింద అమీబాకే. దీనికి పరీక్షాశాలల కాగితములును కొంత కారణము. 1925లోనే ఎమీల్ బ్రూంప్ట్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు, చూచుటకు హిస్టోలిటికావలెనే యుండియు ఎవరికిని హాని చేయని మరియొక అమీబా గలదనియు, కోశములు మోయువారిలో పెక్కుమందికి ఉన్నది ఆ సాధుజీవియే అనియు చెప్పెను. దానికి డిస్పార్ అని పేరు పెట్టెను. ఆయన మాట నెవరును చెవిని పెట్టలేదు. దాదాపు డెబ్బదియేండ్లు గడచిన తరువాత, 1993లో డైమండ్, క్లార్క్ అనువారు జీవరసాయనిక ప్రమాణములతో రెండును వేర్వేరని స్థాపించిరి. సూక్ష్మదర్శినిలో ఈ రెంటి కోశములను వేరుచేయుట అసాధ్యము. ప్రతిజనక పరీక్షయో జన్యుపరీక్షయో కావలెను. అనగా ‘అమీబా కోశములు కలవు’ అను కాగితమును చూచి ఏండ్లతరబడి మందులు మ్రింగినవారిలో అనేకులు నిరపరాధిమీద యుద్ధము చేసిరన్నమాట. నిజమైన హిస్టోలిటికా సోకినవారిలోనైనను పదింట తొమ్మండుగురికి ఏ లక్షణమును ఉండదు. అట్లని ఉపేక్షింపరాదు, వారి వంటచేతినుండియే అది పదిమందికి ప్రాకును.

తక్కిన జీవులలో జియార్డియాకు చరిత్రలో పెద్దరికము కలదు. 1681లో డెల్ఫ్ట్ నగరవాసియైన లేవెన్‌హుక్, తనకు కడుపు జారినప్పుడు తన మలమునే తాను మలచుకొన్న కటకము క్రింద పెట్టి చూచి, పొట్టక్రింద సన్నని కాళ్ళవంటివి ఆడించుచు తిరుగు జీవులను వర్ణించెను. అవి జియార్డియాలేయని నేటి శాస్త్రజ్ఞుల యభిప్రాయము. రెండు కేంద్రకములు రెండు కన్నులవలె అమరి, సూక్ష్మదర్శినిలోనుండి మనవైపే చూచుచున్న మొగమువలె నుండుట దీని గుర్తు. ఇది గోడను త్రవ్వదు, రక్తము పోనీయదు. చిన్నప్రేవుల గోడను పొట్టబిళ్ళతో కరచుకొని క్రొవ్వును మన యొంటికి అంటనీయదు. జిడ్డుగా తేలు దుర్వాసనగల విరేచనము, క్రుళ్ళిన గ్రుడ్డు వాసనతో త్రేనుపులు, ఉబ్బిన పొట్ట, ఎంత పెట్టినను పెరుగని బిడ్డ: తల్లులు దీనిని దిష్టి యనుకొని ఉప్పు తిప్పివేయుట కద్దు. పది కోశములు చాలును, వ్యాధి తగులుటకు.

క్రిప్టోస్పోరిడియం మరింత సూక్ష్మమైనది. దాని కోశము నాలుగైదు మైక్రానులే. 1907లో ఎర్నెస్ట్ టిజర్ ఎలుకలలో దీనిని కనుగొనగా, మనుష్యులకు వచ్చుట 1976లో గాని బయటపడలేదు. క్లోరిను దీనిని ఏమియు చేయజాలదు. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరపు నీటిశుద్ధి కేంద్రము నొకదానిని దాటి గొట్టములలోనికి ప్రవేశించి సుమారు 4 లక్షల మందిని మంచము పట్టించినది. ఆసియా, ఆఫ్రికాలలోని ఏడు దేశములలో జరిపి 2013లో ప్రకటించిన పెద్ద పరిశోధనయందు, శైశవమున తీవ్రవిరేచనములకు రోటావైరసు తరువాతి స్థానము దీనిదేయని తేలినది. ఎయిడ్సు రోగులకు ఇది నెలలతరబడి నిలుచు విరేచనమగును. పందులనుండి వచ్చు బాలంటిడియం, వానకాలమున విజృంభించు సైక్లోస్పోరా మొదలగునవి యింకను గలవు గాని, వాని వరుస చదివి పాఠకుని విసిగింపను.

వలసకాలపు ఆంగ్లేయుల వ్రాతలలో కోరంగీ కూలీ మురికివాడనియు, రోగములకు పుట్టినిల్లనియు చెప్పు మాటలు కోకొల్లలు. దీనికి సమాధానము చికాగో నగరమే యిచ్చినది. 1933లో అక్కడ జరిగిన ప్రపంచప్రదర్శనమునకు పోయి, పాలరాతి స్నానశాలలు గల రెండు గొప్ప హోటళ్ళలో దిగిన పెద్దమనుష్యులకు అమీబా సోకినది. సుమారు 1,400 మంది జబ్బుపడగా 98 మంది మరణించిరి. విచారింపగా ఆ హోటళ్ళ మురుగుగొట్టములు లోపభూయిష్టములై త్రాగునీటితో కలిసినట్లు తేలినది. అక్కడ కోరంగీ కూలీ లేడు, ఉష్ణమండలము లేదు, చాపలు లేవు. గొట్టము చెడినచో పాలరాయి రక్షింపదు. రంగూనులో గొట్టమే లేని పేటలో బసచేసి, ఇతరుల మలమును చేతులతో ఎత్తి, ఆ చేతులను కడుగుకొనుటకు నీరైనను సరిగా లేని మనిషిని రోగమునకు కారకుడనుట నాకు అన్యాయముగా తోచును. రోగము మొదట వానిమీద పడినది, దానినుండి వాని రక్షణకై ఎవరును ఖర్చు చేయలేదు.

చికిత్స విషయమున తూర్పుదేశముల పాత్ర చిన్నది కాదు. మన వైద్యులు అతిసారమునకును రక్తగ్రహణికిని కొడిసెపాల చెక్కను చరకుని నాటినుండియు వాడుచున్నారు. కుటజారిష్టము నేటికిని ఆయుర్వేద దుకాణములలో దొరకును. ఆ చెక్కలోని కొనెసీన్ అను క్షారాభము అమీబాను చంపగలదని తెలిసినది. కలకత్తాలో చోప్రా, నోల్స్ మొదలగువారు 1920వ దశకమున దానిని శాస్త్రీయముగా పరీక్షించిరి. ఐరోపీయులు దక్షిణ అమెరికానుండి తెచ్చిన ఇపికాకువానా వేరును నమ్మిరి. ఆ వేరు వాంతి పుట్టించును. రోగి మందును కక్కివేయుటయే గాని కడుపున నిలుపుకొనుట గగనము. 1912లో కలకత్తా వైద్యుడు లియొనార్డ్ రోజర్స్ ఆ వేరులోని ఎమెటీనును సూదిమందుగా ఇచ్చుట ప్రారంభించిన తరువాత చావుబ్రతుకులలో నున్నవారు లేచి కూర్చుండిరి. ఎమెటీను గుండెను బలహీనపరచునని తెలిసియు, వేరు దిక్కులేక అర్ధశతాబ్దము దానినే వాడిరి. 1966లో డర్బను వైద్యుడు పవెల్, ఆయన సహచరులు మెట్రోనిడజోలు గుణమును వెల్లడించుటతో ఆ యుగము ముగిసినది. మందుల షాపులో చీటీ లేకయే రెండు బిళ్ళలు కొని మ్రింగు మన వాడుకలో నున్న లోపమేమనగా, మెట్రోనిడజోలు కణజాలములోని అమీబాను చంపునే గాని, ప్రేగునాళములో మిగిలిన కోశములను తుడిచిపెట్టదు. దానికి డైలోక్సనైడో పారొమొమైసినో వేరుగా పుచ్చుకొనవలెను. ఈ రెండవ మందు వాడనివాడు తనకు నయమైనదనుకొని యింటివారికి పంచుచుండును.

1941 డిసెంబరు 23వ తేదీన జపానువారి బాంబులు రంగూనుమీద పడెను. రేవు కూలీలును పారిశుద్ధ్యపు పనివారును వేలకొలదిగ నగరము విడిచి పారిపోయిరి. పెంట యెత్తువారు లేరు, చెత్త తీయువారు లేరు. అంతవరకు వారిని కన్నెత్తి చూడని ప్రభుత్వము, తిరిగి రండని బ్రతిమాలుకొనవలసివచ్చెను. కొందరు తిరిగివచ్చిరి, 1942 మార్చి 8వ తేదీన జపానుసేన నగరమున ప్రవేశించువేళకు అందరికిని దిక్కు అడవిదారియే యయ్యెను. ప్రోము మీదుగా కొండలు దాటి అరకాను తీరమునకు కొందరు, తమూ మీదుగా మణిపురమునకు కొందరు, మొత్తము నాలుగైదు లక్షలమంది భారతీయులు నడచిపోయిరని అంచనా. త్రోవలో చచ్చినవారు 10,000 అనియు, 50,000 అనియు పలువిధముల చెప్పుదురు. బాంబులవలన కాదు, కలరా, మలేరియా, రక్తవిరేచనములవలన. వేలమంది యొకే వాగు ప్రక్కన విడిసి, ఒడ్డున విసర్జించి, ఆ నీటినే త్రాగి, మరునాడు ముందునకు పోవగా, వెనుక వచ్చు వేలకు ఆ వాగే గతి. పచ్చికట్టెలు రాజుకొనక గంజియైనను కాచుకొనలేనివారు నీరు కాచుకొందురా? విజేతలను సైతము ఆ యడవి విడువలేదు. 1944లో మిచ్చినావైపు నడచిన మెరిల్ దళపు అమెరికను సైనికులు అమీబా విరేచనములతో ఎంత నీరసించిరనగా, మాటిమాటికి ఆగు ఓపిక లేక కొందరు లాగుల వెనుకభాగమును కోసివేసికొనిరి.

నేటి యాంగోన్ 50 లక్షలకు మించిన జనాభాగల మహానగరము. 1904లో ఏర్పడిన హ్లాగా చెరువు, 1940 నాటి గ్యోబ్యూ జలాశయము, తరువాతి కాలపు ఫుజీ, ఙమోయేక్ జలాశయములు దానికి నీరిచ్చుచున్నవి. షోన్ గొట్టములు ఇంకను నగరమధ్యమునకే పరిమితము. తక్కినచోట్ల సెప్టిక్ తొట్లు, గుంటలు, కొన్నియెడల తిన్నగా కాలువలు. అంతస్తులకు నీరెక్కుటకు ఇంటింటను మోటారు తగిలించి కుళాయిగొట్టమునుండి పీల్చుకొందురు. గొట్టములో నీటి యొత్తిడి లేనివేళ ఆ పీల్పు చుట్టునున్న మురుగును పగుళ్ళగుండ లోనికి లాగుకొనును. నది కావలనున్న దలా పేటవారు వేసవిలో వానచెరువులముందు బిందెలతో బారులు తీరి నిలుచుట ఏటేట చూచునదే. స్తోమతగలవారు 20 లీటర్ల డబ్బానీరు కొనుక్కొందురు. వీధిమూలల చెట్లక్రింద అరుగు కట్టి మూతలు పెట్టిన మట్టికుండలలో బాటసారులకు నీరుంచు బర్మీయుల యాచారము మన చలివేంద్రమును జ్ఞప్తికి తెచ్చును. ఎంతటి పుణ్యకార్యమో అంతటి జాగ్రత్త కోరునది. కుండలో మునుగు ముంత పిడిలేనిదైనచో దానితోకూడ త్రాగువాని వ్రేళ్ళును మునుగును.

ఢాకా నగరపు మీర్పూరు పేటలో రషీదుల్ హక్ ప్రభృతులు పిల్లలను ఏండ్లతరబడి పరిశీలించి, అమీబా మన ప్రేగులకు అంటుకొను పదార్థమునకు విరుద్ధమైన ప్రతిరక్షకములు ప్రేగులలో గలవారికి మరల సోకుట తక్కువయని కనుగొనిరి. టీకా సాధ్యమేయను ఆశ దానినుండి కలిగినది గాని, టీకా మాత్రము ఇంకను రాలేదు. అందుచేత మందులకన్న వంటయింటి పద్ధతులనే నమ్ముకొనవలసియున్నది. నీటిని తెర్లి పొంగునట్లు కాచుట సర్వకోశములకు మృత్యువు. యాంగోన్ టీ దుకాణములలో బల్లమీద ఊరకనే పెట్టు పంచదార లేని పలుచని తేనీరు, మరిగించిన నీటితో చేసినదగుటచే, సీసానీటికంటె తీసిపోదు. అదే నగరపు అన్నశాలలలో భోజనముతో తెచ్చిపెట్టు పచ్చియాకుల పళ్ళెము వేరుమాట: సరస్వతియాకు, చింతచిగురు, దోసముక్కలు, పచ్చివంకాయలు, నడుమ ఙపీ అను పులిసిన చేపల పులుసు. తిన్నవాడు మరువలేని రుచియది. ఆ యాకు పెరిగిన మడికి ఏ నీరు పారినదో దుకాణదారునికిని తెలియదు. పర్మాంగనేటు నీటిలో ముంచితిమని కొందరు ధైర్యము చెప్పుదురు. ఆ గులాబిరంగు మనస్సునకు తృప్తి నిచ్చునంతగా కోశమునకు హాని చేయదు. ఆకును రెండు నిమిషములు వేడినీట ఉడికించి తెమ్మనినచో అన్నశాలవారు నవ్వుకొనుచునే తెచ్చియిత్తురు, ఙపీతో అదియును బాగుగనే యుండును.